చదువుకొను వేళ పాట

(పఠన భాగములు: 1 సమూయేలు 16:14–23, 2 రాజులు 3:11–16, సామెతలు 25:20, 1 కొరింథీయులకు 14:7–15)



పరీక్షల నెలలు సమీపించుకొలది మన ఇండ్లలో ఒక వాదము పుట్టుచున్నది. కుమారుడు పుస్తకము ముందు పెట్టుకొని, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని కూర్చుండును. పొలమునుండి వచ్చిన తండ్రి చూచి, "ఏమిరా, పాటలు వింటూ చదివే చదువేమిటి?" అని గద్దించును. "పాట లేకపోతే నిద్ర వస్తుంది నాన్నా, పాట ఉంటేనే బుర్రకెక్కుతుంది" అని కుమారుడు జవాబిచ్చును. తల్లి మధ్యకు వచ్చి, "పోనీ, సినిమా పాటలు మాని దేవుని పాటలు పెట్టుకోరా" అని ఇద్దరికిని రాజీ చేయును.

ఈ మూడు మాటలలోను కొంత నిజమున్నది. మూడింటిలోను కొంత పొరపాటును ఉన్నది. ఈ నెల పాఠములో మనము ఈ సంగతిని నిదానముగా విచారింతము. ఇది చిన్న సంగతి అని త్రోసివేయరాదు. మన సంఘములలో అనేక కుటుంబములకు పదియవ తరగతి వ్రాయుచున్న మొదటి బిడ్డ ఈ బిడ్డయే. ఆడపిల్లకైతే అంట్లు తోమి, నీళ్లు పట్టి, తమ్ముని నిద్రపుచ్చిన తరువాత పుస్తకము తెరచుటకు దొరకునది ఒక్క గంట. ఆ గంట ఫలించునా, వ్యర్థమగునా అనునది చెవిన పడుచున్న పాటపై కొంత ఆధారపడియున్న యెడల, దాని సంగతి తెలిసికొనుట పెద్దలమైన మన విధి.

1. పాట ఏ పనికి తోడు?

పాటకును పనికిని ఉన్న స్నేహము మనకు ఎవరును నేర్పనక్కరలేదు. నాట్లు వేయు స్త్రీలు పాట పాడుదురు. వెనుకటి దినములలో ఏతము తొక్కువాడు పాడెను. దంపుళ్ల దగ్గర రోకలి పాటను అనుసరించి లేచి పడెను. పడవవారు కలిసి పాడుచు గడ వేసిరి. పాట ఉన్న చోట నడుము నొప్పి కొంత మరుపునకు వచ్చును; పదిమంది చేతులు ఒక్కసారిగా కదలును; ప్రొద్దు త్వరగా గడచును.

ఇతర దేశములవారును ఈ సంగతి కనుగొనిరి. రెండవ ప్రపంచ యుద్ధ కాలమందు, 1940 జూన్ నెలలో, ఇంగ్లండునందలి బి.బి.సి. రేడియోవారు కర్మాగారములలో పనిచేయువారి కొరకు ఒక సంగీత కార్యక్రమమును ప్రారంభించిరి. ప్రొద్దుట ఒక అరగంట, మధ్యాహ్నము ఒక అరగంట ఆ సంగీతము కర్మాగారములలో వినబడుచుండెను. ఆ కార్యక్రమము 1967 వరకు నడచెను. అయితే వారు ఏ పాట పడితే ఆ పాట వేయలేదు. నిద్ర తెప్పించు మందమైన పాటలను తీసివేసిరి. చప్పట్లు కొట్టవలసిన ఒక పాట వచ్చినప్పుడు కార్మికులు చేతనున్న పనిముట్లతో తాళము వేయుదురని దానిని మానివేసిరి. అనగా, పనికి తోడుగా ఉండవలసిన పాట పనిని మ్రింగివేయకూడదని వారు ఎరిగియుండిరి.

ఇక్కడ మనము గమనింపవలసినది ఒకటి ఉన్నది. నాటు వేయు చేతికి పని ముందే తెలియును. చేయి తన పని తాను చేయుచుండగా మనస్సు ఖాళీగా ఉండును. ఆ ఖాళీలో పాట వచ్చి కూర్చుండును. కాబట్టి అక్కడ పాట తోడు అగును గాని పోటీ కాదు.

2. చదువు అట్టి పని కాదు

చదువు చేతితో చేయు పని కాదు. చదువుచున్నప్పుడు మనస్సు ఖాళీగా ఉండదు. మనస్సే అక్కడ కూలివాడు. మనము నోరు మెదపక చదివినను, లోపల ఒక స్వరము ఆ మాటలను పలుకుచుండును. ఆ లోపలి స్వరముతోనే మనము వాక్యము మొదటి భాగమును పట్టియుంచి చివరి భాగముతో కలుపుకొందుము. ఆ స్వరముతోనే తేదీలను, సూత్రములను వల్లెవేయుదుము. అదే సమయమున చెవి త్రోవను పాటలోని మాటలు వచ్చిన యెడల, ఒకే గుమ్మములో రెండు బండ్లు ఎదురుపడినట్లగును. కంటికి రెప్ప ఉన్నది, మూసికొనవచ్చును. చెవికి రెప్ప లేదు. వినకూడదని అనుకొన్నను మాట లోపలికి వచ్చియే తీరును.

దీనిని శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములుగా పరీక్షించుచున్నారు. 1976లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, ఇంగ్లీషు మాటలాడు విద్యార్థులకు కొన్ని అక్షరములు వరుసగా చూపి, వాటిని అదే వరుసలో జ్ఞాపకము చేసికొనుమనిరి. ఆ సమయమున జర్మను భాషలో ఒకరు చదువుచున్న ధ్వని వినిపించిరి. దానిని పట్టించుకొనవద్దని చెప్పినను, నిశ్శబ్దములో కంటె వారి తప్పులు ఎక్కువాయెను. 1982లో సలామే, బాడ్లీ అను ఇద్దరు అంకెల వరుసలతో ఇట్టి పరీక్షయే చేసి, పట్టించుకొనని మాటలు కూడ జ్ఞాపకమును చెరచునని చూపిరి. ఆ ఇద్దరే 1989లో సంగీతమును పరీక్షించి, వాయిద్యములు మాత్రమే ఉన్న సంగీతముకంటె గాత్రమున్న సంగీతము ఎక్కువ ఆటంకము చేయునని కనుగొనిరి.

ఇదంతయు పెద్ద పెద్ద విశ్వవిద్యాలయముల మాట అని అనుకొనవద్దు. మీ ఇంటనే పరీక్షింపవచ్చును. పది అంకెల ఫోను నంబరు ఒకటి కాగితముపై వ్రాసి పిల్లవానికి ఒకసారి చూపి దాచివేయుడి. అర నిమిషము ఊరకుండి అప్పగింపుమనుడి. ఈలాగు నిశ్శబ్దములో అయిదు నంబర్లతోను, తరువాత మాటలున్న పాట పెట్టి వేరే అయిదు నంబర్లతోను చేయుడి. తప్పులు లెక్కపెట్టి వ్రాసికొనుడి. తండ్రి గద్దింపుకంటె ఆ లెక్క పిల్లవానికి ఎక్కువ బోధించును.

3. "నాకు ఇష్టమైన పాట గదా!"

ఇష్టమైన పాట అయితే మనస్సు సంతోషముగా ఉండును గనుక బాగుగా చదువుదుమని అనేకమంది యౌవనులు చెప్పుదురు. ఈ మాటను కూడ పరీక్షించినవారున్నారు. 2014లో ప్రచురింపబడిన, వేల్సు దేశమందు చేసిన ఒక పరిశోధనలో విద్యార్థులను నాలుగు విధములుగా చదివించి ప్రశ్నలడిగిరి: నిశ్శబ్దములో, మాటలు లేని సంగీతముతో, మాటలుండి వారికి ఇష్టమైన పాటలతో, మాటలుండి వారికి ఇష్టము కాని పాటలతో. మాటలున్న పాట ఇష్టమైనదైనను, కానిదైనను, చదివిన దానిని గ్రహించుట తగ్గిపోయెను. ఇష్టము ఆ నష్టమును పూడ్చలేదు.

2011లో జర్మనీ దేశస్థులైన కొందరు పండితులు అంతవరకు జరిగిన అనేక పరిశోధనలను ప్రోగుచేసి కలిపి చూచిరి. అన్నిటిని కలిపిన యెడల సంగీతమువలన లాభము లేదు, నష్టము లేదు అన్నట్లు కనబడెను. విడదీసి చూడగా సంగతి తేటపడెను: వ్యాయామమునకును మనస్సు ఉల్లాసమునకును సంగీతము మేలు చేసెను, చదువుటకు ఆటంకము చేసెను, జ్ఞాపకశక్తికి కొంచెము నష్టము చేసెను. అనగా పాట మంచిదా చెడ్డదా అను ప్రశ్నయే సరియైనది కాదు. ఏ పాట, ఏ పనికి, ఏ వేళ అనునదే సరియైన ప్రశ్న. ప్రతిదానికిని ఒక సమయము కలదని ప్రసంగి మూడవ అధ్యాయములో మనము చదివియున్నాము గదా.

అయితే పిల్లవాడు చెప్పిన మాటలో నిజము లేదా? ఉన్నది. పాట నిద్రను తోలును, విసుగును తగ్గించును. గనుక అతనికి మెలకువ ఇచ్చుచున్న పాటయే అతని చదువును కొంత దొంగిలించుచున్నదని అతనికి తెలియక పోవుచున్నది. మెలకువగా ఉన్నాను గనుక చదువుచున్నానని తలంచుచున్నాడు. రెండును ఒకటి కాదు.

4. మోజార్టు పేరట జరిగిన వ్యాపారము

"ఫలానా సంగీతము వింటే తెలివి పెరుగును" అను ప్రకటనలు ఇప్పుడు ఫోనులలో విస్తారముగా కనబడుచున్నవి. ఈ మాట ఎక్కడ పుట్టెనో మన చదువరులు ఎరిగియుండుట మంచిది.

1993లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన ముగ్గురు పరిశోధకులు 36 మంది కళాశాల విద్యార్థులను పరీక్షించిరి. యూరపు సంగీతకర్తయైన మోజార్టు రెండు పియానోలకు వ్రాసిన ఒక రచనను పది నిమిషములు వినిన తరువాత, కాగితమును మడిచి కత్తిరించిన యెడల ఎట్లుండునో ఊహించుట వంటి లెక్కలలో ఆ విద్యార్థులు కొంత మెరుగుగా చేసిరి. ఆ మెరుగు పది పదిహేను నిమిషములకు మించి నిలువలేదు. చూడుడి: పరీక్షింపబడినవారు పసిపిల్లలు కారు, చదువుచు వినలేదు, ముందు విని తరువాత పనిచేసిరి, పాఠము జ్ఞాపకముంచుకొనుట అక్కడ పరీక్షింపబడలేదు. అయినను ఆ మాట నోట నోట పెరిగి, మోజార్టు వినిన పిల్లలు మేధావులగుదురని ప్రచారమాయెను. 1998లో ఆ దేశమందలి జార్జియా రాష్ట్ర గవర్నరు, పుట్టిన ప్రతి శిశువునకును అట్టి సంగీతపు కేసెట్టు ఇచ్చుటకు ప్రభుత్వ ధనము కోరెను.

తరువాత ఏమాయెను? 2001లో కెనడా దేశమందు చేసిన పరిశోధనలో, కొందరికి ఉల్లాసకరమైన మోజార్టు రచనను, మరికొందరికి అల్బినోనీ పేరట ప్రసిద్ధమైన మందమైన విషాద రచనను వినిపించి చూచిరి. ఉల్లాసమైన దాని తరువాత లెక్కలు మెరుగాయెను. విషాదమైన దాని తరువాత మెరుగు లేదు. కారణము మోజార్టు కాదు, మనస్సు తెప్పరిల్లుటయే. 2010లో వియన్నా విశ్వవిద్యాలయమువారు దాదాపు నలువది పరిశోధనలను కలిపి చూచి, మోజార్టు సంగీతమునకు ప్రత్యేకమైన శక్తి ఏదియు కనబడలేదని తేల్చిరి. కాబట్టి తెలివిని పెంచు సంగీతమని ఎవరైనను అమ్మజూపిన యెడల, డబ్బు సంచిలోనే ఉంచుకొని ఒక మంచి నిఘంటువు కొనుడి.

5. దావీదు సితారా ఏమి చేసెను?

ఇప్పుడు వేదభాగమునకు వత్తము. సౌలు రాజు మనస్సు కలవరపడినప్పుడు దావీదు సితారా వాయించెను, సౌలు సేదదీరెను. ఈ కథను మనము చిన్ననాటినుండి ఎరుగుదుము. అయితే ఆ వేళ సౌలు ఏమి చేయుచుండెను? రాజ్యపు లెక్కలు చూచుచుండలేదు, తీర్పు చెప్పుచుండలేదు. వినుచుండెను. వాద్యము అతని పనికి వెనుక తెరగా లేదు. అతని గాయమునకు ముందుగా మందాయెను.

ఎలీషా సంగతి కూడ చూడుడి. ముగ్గురు రాజులు, వారి సేన, పశువులు నీళ్లు లేక అలమటించుచున్న సమయమది. ఇశ్రాయేలు రాజుమీద కోపముతో నున్న ప్రవక్త మొదట వీణ వాయింపగల వానిని పిలిపించెను. వాద్యము మ్రోగిన పిమ్మట ప్రవక్త మాటలాడెను. ముందు వాద్యము, తరువాత మాట. ఈ వరుసను మన పిల్లలకు నేర్పవలెను.

పైన చెప్పిన 2001 పరిశోధనయు ఇదే వరుసను చూపుచున్నది గదా. సంగీతము మనస్సును సిద్ధపరచును. పొలము దున్నుట ఒక పని, విత్తుట మరియొక పని. దున్నుచు విత్తువాడు రెండును చెరచుకొనును. కాబట్టి పాఠమునకు ముందు పది నిమిషములు పాట వినవచ్చును, పాడవచ్చును. నలువది నిమిషములు చదివి, నిద్ర వచ్చుచున్నప్పుడు లేచి ముఖము కడుగుకొని, వాకిట అటునిటు నడచి, ఒక పాట పూర్తిగా పాడి మరల కూర్చుండవచ్చును. అప్పుడు పాట దొంగ కాదు, సేవకుడు.

సామెతలు 25:20లో మరియొక హెచ్చరిక ఉన్నది. దుఃఖములో నున్నవానికి పాటలు వినిపించుట చలిదినమున పై బట్ట లాగివేయుట వంటిదని జ్ఞాని భావము. మేలైన పాటయే అకాలమందు హాని చేయునని ఇందువలన గ్రహింపవచ్చును.

6. ఒకే గది ఉన్న ఇల్లు

ఇంతవరకు చెప్పినది విని, "నిశ్శబ్దముగా చదువుకోమని చెప్పుట సులభము, నిశ్శబ్దము ఎక్కడ ఉన్నది?" అని ఎవరైనను అడిగిన యెడల, అది న్యాయమైన ప్రశ్న. మన ఇండ్లలో అనేకము ఒకే గది. ఒక మూల టీవీలో సీరియలు, మరియొక మూల పసిబిడ్డ ఏడ్పు, వెలుపల ట్రాక్టరు, వీధి చివర పెండ్లి పందిరిలో మైకు. ఇట్టి ఇంట పిల్లవాడు ఇయర్‌ఫోన్లు పెట్టుకొనుట పాట కొరకు కాదు, గోడ కొరకు. అతనికి లేని గదిని పాటతో కట్టుకొనుచున్నాడు. వానిని గద్దింపకముందు ఈ సంగతి తలంపవలెను.

ఇట్టి చోట రెండు కీడులలో చిన్న కీడును ఏర్పరచుకొనుట జ్ఞానము. సీరియలులోని మాటలకంటె మాటలు లేని మెల్లని సంగీతము మేలు. దానిని ఏర్పరచుకొనుటకు కొన్ని సూచనలు వ్రాయుచున్నాము.

(అ) మాటలు లేనిదై యుండవలెను. అంతేగాక, మిక్కిలి తెలిసిన పాటను వేణువుపై వాయించినను మన లోపలి స్వరము ఆ పాట మాటలను అందుకొని పాడుచుండును. కాబట్టి కృతులకంటె, సినిమా పాటల వాయిద్యములకంటె, మాటలును తాళమును లేని రాగాలాపన మంచిది. వీణ, వేణువు, వయొలిన్ ఆలాపనలు మనకు సులభముగా దొరకును.

(ఆ) ఒకే తీరున సాగవలెను. మాటిమాటికి మారుచున్న ధ్వని, ఒకే తీరుగానున్న ధ్వనికంటె ఎక్కువ ఆటంకము చేయునని పరిశోధకులు కనుగొనిరి. ఫ్యాను చప్పుడు కొంతసేపటికి మనము మరచిపోవుదుము. డోలు దెబ్బను మరువలేము. నాదస్వరము మంగళకరమైనదే గాని అది ఊరేగింపునకు, పందిరికి తగినది. ఒక్కొక్కప్పుడు వట్టి ఫ్యాను చప్పుడో, వాన చప్పుడో చాలును, సంగీతము అక్కరలేదు.

(ఇ) మెల్లగా వినబడవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఫోనులోని శబ్దమును పూర్తి స్థాయిలో నూటికి 60 వంతులకు మించనీయవద్దని చెప్పుచున్నారు. పెద్ద శబ్దమువలన చెడిన వినికిడి తిరిగి రాదు. సీరియలును జయించుటకు పాట శబ్దమును పెంచుచు పోయిన యెడల చదువుతోకూడ చెవియు పోవును.

(ఈ) చదువుటకు కూర్చుండకముందే ఏర్పరచుకొనవలెను. ఒక గంట నడచు సంగీతమును ముందుగానే ఫోనులో దింపుకొని, నెట్టు ఆపివేసి, ఫోనును చేతికి అందని చోట ఉంచవలెను. లేనియెడల మధ్యలో ప్రకటనలు మాటలాడును, స్నేహితుల సందేశములు వచ్చును, తరువాతి పాట వెదకుటలో అరగంట పోవును. పాటకంటె పాటను వెదకుటయే ఎక్కువ కాలము హరించును.

(ఉ) పనినిబట్టి మార్చుకొనవలెను. సైన్సు రికార్డులో బొమ్మలు గీయుట, గీతలు గీయుట, నోట్సు శుభ్రముగా ఎత్తి వ్రాయుట, పుస్తకములకు అట్టలు వేయుట నాట్లు వేయుట వంటి పనులు. అక్కడ పాట తోడుండవచ్చును. క్రొత్త పాఠము చదువుట, పద్యము కంఠస్థము చేయుట, క్రొత్త రకము లెక్క చేయుట, ఇంగ్లీషు వ్యాసము వ్రాయుట విత్తనము వేయు పనులు. అక్కడ పాట ఆగవలెను. ఈ పనులను రాత్రి ఇల్లు సద్దుమణిగిన పిమ్మటనో, తెల్లవారుజామునో పెట్టుకొనవలెను.

ఇంకొక మాట. పరీక్ష గదిలో ఎవనికిని పాట పెట్టరు. నిశ్శబ్దములో ఆలోచించుటకు అలవాటు లేనివాడు ఆ మూడు గంటలు ఎట్లు గడపును? పరీక్షలకు ఒక నెల ముందునుండియైనను ప్రతిదినము కొంతసేపు ఏ ధ్వనియు లేక చదువుట నేర్చుకొనవలెను.

7. కీర్తనను వెనుకకు నెట్టవచ్చునా?

తల్లి చెప్పిన మాట మిగిలియున్నది: సినిమా పాటలు మాని దేవుని పాటలు పెట్టుకొమ్మనెను. ఆ తల్లి కోరిక మంచిది. అయినను నిజము చెప్పవలెను. కీర్తనకును మాటలున్నవి. మాటలున్నంత మట్టుకు, లోపలి స్వరమునకు అదియు ఎదురుబండియే. పాట పవిత్రమైనది గనుక లెక్క తప్పకుండ వచ్చునని ఎక్కడను వాగ్దానము లేదు.

ఇందులో చదువునకు నష్టమే గాక, కీర్తనకు అవమానము కూడ ఉన్నది. ఆత్మతోను మనస్సుతోను కూడ పాడుదునని అపొస్తలుడు కొరింథీ సంఘమునకు వ్రాసెను. మనస్సు లెక్కల పుస్తకమునకిచ్చి, చెవి మాత్రము కీర్తనకిచ్చిన యెడల, దానిని పాడుటయనవచ్చునా, వినుటయనవచ్చునా? అదే అధ్యాయములో పిల్లనగ్రోవియు వీణయు తేటయైన స్వరము ఇయ్యకపోయిన యెడల ఏమి వాయించుచున్నదియు తెలియదని వ్రాసియున్నాడు. రెండు మాటలు ఒకదానిపై నొకటి పడుచున్న చెవికి ఏ స్వరమును తేటగా వినబడదు.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. అనేక కీర్తనల పైన రాగము, తాళము పేర్లు అచ్చువేయబడి యుండును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన పెద్దలు రాగమునకు భావమును, భావమునకు మాటను కూర్చి వ్రాసిరి. అట్టి కీర్తన ముందు కూర్చుండి వినవలసినది. వెనుక మ్రోగుటకు వ్రాయబడినది కాదు. లోక సంగీతమునందును ఇదే మర్యాద. విజయనగరపు సంగీత కళాశాలలో బోధించిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) వయొలినును గాని, వీణపై కోకిలను పలికించిన చిట్టిబాబుగారి (1936–1996) వాద్యమును గాని పాఠము మధ్య సగము చెవితో వినుట ఆ విద్వాంసులకు న్యాయము కాదు. పాఠము ముగించి, పుస్తకము మూసి, దీపము తగ్గించి వినుడి. అప్పుడు చదువు చదువగును, పాట పాటయగును.

8. పెద్దలు చేయవలసినది

పిల్లవాని ఇయర్‌ఫోన్ల సంగతి చెప్పి ఇక్కడ ఆగిన యెడల మన పాఠము సగమే. అతడు చెవులు మూసికొనవలసి వచ్చిన ధ్వనిని ఎవరు చేయుచున్నారు?

మొదట, ఇంటి టీవీ. పిల్లలు చదువు గంటలో సీరియలు ఆపివేయుట తల్లికిని, వార్తలు ఆపివేయుట తండ్రికిని కష్టమే. అయినను కుమారుడు పాట ఆపవలెనని కోరు తండ్రి, మొదట తన టీవీ ఆపి తరువాత కోరవలెను. కంఠత వాక్యము నేర్చుకొను చిన్నపిల్లలకును ఇదే న్యాయము. సీరియలు మాటల మధ్య నేర్పిన వాక్యము ఆదివారము ఉదయమునకు నిలువదు.

రెండవది, మన గుడి మైకు. కూడికలకు పిలుచుటకు, పండుగ దినములలో పాటలు వేయుటకు మైకు వాడుచున్నాము. భారత ప్రభుత్వమువారు 2000లో చేసిన శబ్ద కాలుష్య నిబంధనలనుబట్టి రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు; ఇండ్లున్న చోట శబ్దము పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు దాటరాదు. చట్టము మాట అటుండనిండు. ప్రేమ మాట చూతము. తెల్లవారుజామున లేచి చదువుకొనుచున్న పొరుగింటి బిడ్డ, ఏ మతస్థుని బిడ్డయైనను, మన పాటవలన పాఠము మరచిపోయిన యెడల ఆ పాట ఆ బిడ్డకు సువార్తగా వినబడునా? పరీక్షల రెండు నెలలు మైకును గుడి గోడల లోపలికి తెచ్చుకొనుటవలన మన ఆరాధనకు లోటు రాదు.

మూడవది, గుడి తలుపులు. వారములో ఆరు సాయంకాలములు మన గుడులు చాలవరకు తాళము వేసియే యుండును. లోపల దీపములున్నవి, ఫ్యానులున్నవి, చాపలున్నవి. అన్నిటికంటె విలువైనది, నిశ్శబ్దమున్నది. ఒకే గది ఇంటి బిడ్డకు కావలసినది అదియే. సంఘ పెద్దలు సాయంకాలము 6 గంటలనుండి 9 గంటలవరకు గుడి తెరచి, ఒక పెద్దవారు కూర్చుండి కనిపెట్టుచుండిన యెడల, పిల్లలు ఫోనులు ఒక బల్లపై ఉంచి చదువుకొందురు. ఆడపిల్లలను తిరిగి ఇల్లు చేర్చుటకు స్త్రీల సమాజమువారు వంతులు వేసికొనవచ్చును. ఖర్చు ఒక్క కరెంటు బిల్లు మాత్రమే. మూడు గంటల చదువు ముగిసిన తరువాత అందరును నిలిచి ఒక కీర్తన పాడి ఇండ్లకు పోవచ్చును. పాటకు తగిన చోటు అది. తగిన వేళయు అదే.

సంఘములో చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో సాయంకాలము 6 మొదలు 9 వరకు వినబడు ధ్వనులేవి? వాటిలో మనము ఆపగలిగినవి ఎన్ని?
2. సౌలునకు దావీదు వాయించుటలోను, మన పిల్లలు చదువుచు పాట వినుటలోను ఉన్న భేదమేమి?
3. మీ బిడ్డ చదువు పనులలో నాట్లవంటివి ఏవి, విత్తనము వేయుటవంటివి ఏవి? బిడ్డతో కూర్చుండి పట్టిక వ్రాయుడి.
4. ఫోను నంబర్ల పరీక్షను యౌవనుల కూటములో చేసి, వచ్చిన లెక్కను అందరికిని చదివి వినిపించుడి.
5. మన గుడి సాయంకాలములు తెరచుటకు ఎవరు తాళము తీయుదురు? ఎవరు కూర్చుండుదురు? పేర్లు ఈ నెల సంఘ కూటములోనే వ్రాసికొనుడి.